ఒక పెన్నీకి పుట్టింటి కబురు

పాతకాలపు వెండి రూపాయిని మీలో కొందరు చూసే ఉంటారు. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ ఉంటుంది. ఆమె పేరు విక్టోరియా రాణి. ఆమె ఇంగ్లండు దేశాన్ని 1837 నుంచి 1901 దాకా ఏలింది. 1858లో మన దేశం కూడా ఆమె ఏలుబడి కిందికి వచ్చింది.

ఆ రాణి కాలంలో ఇంగ్లండులో ఆడవాళ్ళు పుట్టింటికి కబురు ఎలా పంపేవాళ్ళు? పురిటి కబురు, చావు కబురు ఎలా తెలిసేది? చుట్టాలింటికి పోవాలంటే ఏం చేసేవాళ్ళు? ఈ పాఠంలో చదువుదాం.

దూరం పోయిన పిల్లలు

ఆ రోజుల్లో ఇంగ్లండులో పల్లెలు వదిలి పట్నాలకు పోయేవాళ్ళు బాగా పెరిగారు. పట్నాల్లో బట్టల మిల్లులు వచ్చాయి. బొగ్గు గనులు వచ్చాయి. మగపిల్లలు ఆ పనులకు పోయారు. కొందరు ఓడలెక్కి ఆస్ట్రేలియా దాకా పోయారు.

మరి ఆడపిల్లలు? చాలామంది ఇళ్ళల్లో పనికి కుదిరారు. పన్నెండు, పదమూడేళ్ళకే తల్లిని వదిలి పోయేవాళ్ళు. పని చేసే ఇంట్లోనే తిండి, అక్కడే పడక. 1851లో ఆ దేశంలో జనాభా లెక్కలు తీశారు. ఇంటి పనివాళ్ళు పది లక్షల మందికి పైగా ఉన్నారని తేలింది. వాళ్ళల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే.

అంటే ఎన్నో ఇళ్ళల్లో తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట. బిడ్డ తిన్నదో లేదో తల్లికి తెలియదు. తల్లికి జ్వరమొస్తే బిడ్డకు తెలియదు. ఇద్దరి మధ్యా ఉన్న దారి ఒక్కటే. అది ఉత్తరం.

ఉత్తరం వస్తే భయం

1840కి ముందు ఉత్తరం చాలా ఖరీదు. పైగా ఆ ఖర్చు మామూలుగా రాసినవాళ్ళది కాదు, అందుకున్నవాళ్ళది. పోస్టుమాను గుమ్మం ముందుకొచ్చి డబ్బులడుగుతాడు. డబ్బులిస్తేనే ఉత్తరం చేతికిస్తాడు. లేకపోతే వెనక్కి తీసుకుపోతాడు.

దూరం పెరిగే కొద్దీ ధర పెరిగేది. కాగితాలు పెరిగితే ధర పెరిగేది. లండన్ నుంచి ఎడింబరో పట్నానికి ఒక్క కాగితం పంపితే పదమూడు పెన్నీలకు పైగా అయ్యేది. పెన్నీ అంటే వాళ్ళ చిన్న నాణెం. పన్నెండు పెన్నీలైతే ఒక షిల్లింగు. ఇరవై షిల్లింగులైతే ఒక పౌను.

ఈ ధర ఎంత ఎక్కువో ఒక లెక్క వేసి చూద్దాం. 1861లో మిసెస్ బీటన్ అనే ఆమె ఇంటి పనుల మీద ఒక పెద్ద పుస్తకం అచ్చు వేయించింది. ఇంటి పనంతా ఒక్కతే చేసే పనిమనిషికి ఏడాదికి తొమ్మిది పౌన్ల నుంచి జీతం అని అందులో ఉంది. తొమ్మిది పౌన్లంటే 180 షిల్లింగులు. నెలకు పదిహేను షిల్లింగులు. రోజుకు ఆరు పెన్నీలు. ఆ జీతంతో చూస్తే, పాత ధరకు ఒక్క ఉత్తరమంటే రెండు రోజుల కష్టం పైన.

ఇంకో అన్యాయం కూడా ఉండేది. పార్లమెంటు సభ్యులకు తపాలా ఖర్చు లేదు. కవరు మీద సంతకం పెడితే చాలు, ఉత్తరం ఉచితంగా పోయేది. పెద్దింటి ఆడవాళ్ళు తెలిసిన సభ్యుని చేత సంతకం పెట్టించుకునేవాళ్ళు. ఉన్నవాళ్ళ కబుర్లు ఊరికే పోయేవి. లేనివాళ్ళ కబుర్లకు డబ్బులు పడేవి.

మరి లేనివాళ్ళు ఏం చేశారు? ఉపాయాలు వెతుక్కున్నారు. కాగితం మీద అడ్డంగా రాసేవాళ్ళు. నిండిపోయాక కాగితం తిప్పి, ఆ రాత మీదే నిలువుగా మళ్ళీ రాసేవాళ్ళు. చదివేవాళ్ళకు కళ్ళు నొప్పి పుట్టేది. అయినా ఒక కాగితం ఖర్చు మిగిలేది.

ఆ రోజుల నాటి కథ ఒకటి ఉంది. కోల్‌రిడ్జ్ అనే కవి ఒక పల్లె దారిన నడిచిపోతున్నాడు. ఒక ఇంటి ముందు పోస్టుమాను ఉత్తరం ఇస్తూ ఒక షిల్లింగు అడుగుతున్నాడు. ఆ ఇంటి ఆమె ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నా దగ్గర డబ్బుల్లేవు" అని వెనక్కి ఇచ్చేసింది. కవికి జాలేసింది. తానే షిల్లింగు ఇచ్చి ఉత్తరం ఇప్పించాడు. పోస్టుమాను వెళ్ళాక ఆమె ఉత్తరం విప్పి చూపింది. లోపల ఒక్క అక్షరం లేదు. తెల్ల కాగితం! అది ఆమెకూ అన్నకూ మధ్య ఉన్న ఒప్పందం. తెల్ల కాగితం వచ్చిందంటే అన్న క్షేమంగా ఉన్నట్టు. పై రాత చూసి ఆ సంగతి తెలుసుకుంటుంది. డబ్బు ఇవ్వకుండా ఉత్తరం తిప్పి పంపుతుంది.

వినడానికి తమాషాగా ఉంది కదూ! కానీ ఆలోచించండి. ఆ చెల్లెలికి అన్న బతికున్నాడని మాత్రమే తెలుసు. ఎలా ఉన్నాడో తెలియదు. పెళ్ళి అయిందో లేదో తెలియదు. ఎప్పుడొస్తాడో తెలియదు. తెల్ల కాగితం అవన్నీ చెప్పలేదు.

బడిపంతులు వేసిన లెక్క

రోలాండ్ హిల్ అనే ఆయన ఈ అన్యాయం గురించి గట్టిగా ఆలోచించాడు. ఆయన మొదట బడిపంతులు. తపాలా ఖర్చులన్నీ కూర్చుని లెక్క కట్టాడు. 1837లో ఒక చిన్న పుస్తకం వేశాడు.

ఆయన లెక్కలో ఒక వింత బయటపడింది. లండన్ నుంచి ఎడింబరో దాకా ఒక ఉత్తరాన్ని మోసుకుపోవడానికి అయ్యే ఖర్చు పెన్నీలో ముప్పై ఆరో వంతే! మరి డబ్బంతా ఎటు పోతోంది? ప్రతి ఉత్తరానికీ దూరం చూసి ధర కట్టాలి. ఇంటింటా నిలబడి డబ్బు వసూలు చెయ్యాలి. ఆ లెక్కలు రాయాలి. ఖర్చు అక్కడే పెరుగుతోంది.

అందుకని ఆయన ఇలా చెప్పాడు. దూరం ఎంతైనా ఒకటే ధర పెట్టండి. ముందే డబ్బు కట్టించుకోండి. ధర తగ్గితే జనం ఎక్కువ ఉత్తరాలు రాస్తారు.

1840 జనవరి 10 నుంచి ఆ దేశమంతటా ఉత్తరం ధర ఒక్క పెన్నీ అయింది. బరువు అర ఔన్సు మించకూడదు. అంటే మన లెక్కలో పద్నాలుగు గ్రాములు. అదే ఏడు మే 6 నుంచి తపాలా బిళ్ళ వాడకంలోకి వచ్చింది. నల్లటి బిళ్ళ. దాని మీద విక్టోరియా రాణి బొమ్మ. ప్రపంచంలో అంటించే తపాలా బిళ్ళల్లో అదే మొదటిది. పార్లమెంటు సభ్యుల ఉచిత ఉత్తరాలు కూడా ఆ ఏడే ఆగిపోయాయి.

తర్వాత ఏమైంది? 1839లో ఆ దేశంలో ఏడున్నర కోట్ల పైచిలుకు ఉత్తరాలు నడిచాయి. 1840లో దాదాపు పదిహేడు కోట్లు నడిచాయి. ఒక్క ఏడాదిలోనే రెండింతలు దాటింది!

మనసులో మాట లేక కాదు, చేతిలో డబ్బు లేకనే జనం అన్నాళ్ళూ ఊరుకున్నారన్నమాట.

వేరేవాళ్ళ చేత రాయిస్తే

ధర తగ్గింది. మరి అందరూ రాయగలిగారా? లేదు. ఆ దేశంలో పెళ్ళయితే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పుస్తకంలో సంతకం పెట్టాలి. సంతకం రానివాళ్ళు నిశానీ పెట్టేవాళ్ళు. మన దగ్గర వేలిముద్ర వేసినట్టు, వాళ్ళు అడ్డగీతల గుర్తు గీసేవాళ్ళు. 1841లో ఇంగ్లండులో నూరుమంది పెళ్ళికూతుళ్ళలో 49 మంది నిశానీ పెట్టినవాళ్ళే. పెళ్ళికొడుకుల్లో 33 మంది. అంటే ఆడపిల్లల్లో దాదాపు సగం మందికి సంతకం రాదు.

సంతకం రాని పిల్ల అమ్మకు ఉత్తరం ఎలా రాస్తుంది? ఎవరినో బతిమాలాలి. చర్చి పాస్టరునో, పక్కింటాయననో, పని చేసే ఇంటి యజమానురాలినో అడగాలి. అవతల తల్లికీ చదువు రాదు. అక్కడా ఎవరో ఒకరు చదివి వినిపించాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పని చేసే ఇంట్లో ఆ పిల్లకు కడుపు నిండా తిండి లేదనుకోండి. చేయి చేసుకుంటున్నారనుకోండి. ఆ సంగతి యజమానురాలి చేతే అమ్మకు రాయించగలదా? రాయించలేదు. "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని రాయించి ఊరుకోవాల్సిందే. అవతల తల్లి అది విని సంతోషపడుతుంది. బిడ్డ కష్టం తల్లికి చేరదు.

తపాలా చవకైనా, తన చేత్తో తాను రాసుకుంటేనే తన మాట తనదవుతుంది.

ఆ దేశంలో చదువు మెల్లగా పెరిగింది. 1870లో ఊరూరా బడులు పెట్టేందుకు చట్టం చేశారు. 1880లో పదేళ్ళ లోపు పిల్లలు తప్పకుండా బడికి రావాలన్నారు. 1891లో చాలా బడుల్లో ఫీజు తీసేశారు. 1900 వచ్చేసరికి నూరుమంది పెళ్ళికూతుళ్ళలో 96 మందికి పైగా సంతకం పెట్టారు.

ఉత్తరంలో ఏముండేది?

చుట్టాలకు ఉత్తరాలు రాసే పని ఇళ్ళల్లో ఎక్కువగా ఆడవాళ్ళదే. ఎవరికి పురుడొచ్చింది, ఎవరికి దగ్గు పట్టింది, ఎవరికి పెళ్ళి కుదిరింది. ఇవే కబుర్లు. తర్వాత రాకపోకల మాట. ఎవరు ఎప్పుడొస్తారు, ఎన్నాళ్ళుంటారు, ఎవరెదురొస్తారు.

పురిటికి తల్లో, అక్కో, పెళ్ళికాని పిన్నో వచ్చి కొన్ని వారాలు ఉండిపోయేవాళ్ళు. ఇంటి పని, పిల్లల పని చూసేవాళ్ళు. ఈ మాట మనకు కొత్త కాదు.

చావు కబురు రాసే కాగితానికి అంచు నలుపు ఉండేది. కవరు అంచు చూడగానే గుండె జారిపోయేది. మనం శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాస్తాం. మంచి కబురని విప్పకముందే తెలుస్తుంది. వాళ్ళ నల్ల అంచు కూడా అలాంటి గుర్తే. కాకపోతే అది చెడు కబురుకు.

రాకపోకలు పెరగడానికి రైలు తోడైంది. గుర్రపు బండిలో లండన్ నుంచి ఎడింబరో పోవాలంటే దాదాపు రెండు రోజులు. 1862లో వచ్చిన రైలు పదిన్నర గంటల్లో చేర్చింది. 1844లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం రైలు కంపెనీలు రోజుకు ఒక్క బండైనా పేదలకు నడపాలి. మైలుకు ఒక పెన్నీ మించి తీసుకోకూడదు. పెట్టెకు కప్పు ఉండాలి. అంతకుముందు పేదల పెట్టెలకు కప్పు కూడా ఉండేది కాదు. వానొస్తే తడవాల్సిందే.

ఈస్టరు పండుగకు మూడు వారాల ముందు ఒక ఆదివారం వస్తుంది. దాన్ని తల్లుల ఆదివారం అంటారు. ఇళ్ళల్లో పని చేసే పిల్లలకు కొన్ని ప్రాంతాల్లో ఆ రోజు సెలవిచ్చేవాళ్ళు. అమ్మకు కేకో, పూలో పట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు.

అలాంటి పిల్ల ఒకతి ఉత్తరం రాస్తే ఎలా ఉంటుంది? మాదిరి కోసం ఇక్కడ ఒక ఉత్తరం ఇస్తున్నాం.

"అమ్మకు,

నీ పెద్ద కూతురు రాసుకున్నది. నేను బాగున్నాను. చేతులు మాత్రం చలికి పగిలాయి. తల్లుల ఆదివారానికి అమ్మగారు సెలవిచ్చారు. శనివారం సాయంత్రం అయిదు గంటల రైలుకు దిగుతాను. తమ్ముణ్ణి స్టేషనుకు పంపు. చీకటిలో ఒక్కదాన్నే నడవలేను. ఆదివారం రాత్రికి తిరిగి రావాలి. నీకు దగ్గు తగ్గిందా? దాచకుండా రాయి. పిన్ని మన ఇంట్లోనే ఉందా? ఉంటే ఆగమను. మూడేళ్ళయింది చూసి. ఈ ఉత్తరం నేనే రాశాను. తప్పులుంటే నవ్వుకో. జవాబు వెంటనే రాయి.

నీ కూతురు"

ఈ ఉత్తరంలో ఎన్ని సంగతులున్నాయో చూశారా? ఏ రోజు, ఏ పూట, ఏ రైలు, ఎవరు రావాలి, ఎప్పుడు తిరుగు ప్రయాణం. అన్నీ ఉన్నాయి. చదివినవాళ్ళు మళ్ళీ అడగక్కర్లేదు.

1870లో అక్కడ కార్డు కూడా వచ్చింది. దాని ధర అర పెన్నీ. "రేపు మధ్యాహ్నం వస్తున్నాం" అని రెండు ముక్కలు రాయడానికి కార్డు చాలు. లండన్ నడిబొడ్డున తపాలా రోజుకు పది, పన్నెండు సార్లు పంచేవాళ్ళు. పొద్దున్న రాస్తే మధ్యాహ్నానికి జవాబు వచ్చేది!

రాణీ ఒక తల్లే

విక్టోరియా రాణికి తొమ్మిదిమంది పిల్లలు. పెద్ద కూతురి పేరు కూడా విక్టోరియానే. ఇంట్లో విక్కీ అని పిలిచేవాళ్ళు. 1858 జనవరి 25న విక్కీకి పెళ్ళి చేశారు. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు. పెళ్ళికొడుకు జర్మనీలోని ప్రష్యా రాజకుమారుడు. పెళ్ళయిన కొద్ది రోజులకే విక్కీ సముద్రం దాటి బెర్లిన్ నగరానికి కాపురానికి పోయింది.

ఆ ఏడు ఆగస్టులో తల్లిదండ్రులు పోయి కూతుర్ని చూసొచ్చారు. తర్వాత విక్కీకి నెలలు నిండాయి. తొలి కాన్పు. కూతురి దగ్గర ఉండాలని రాణికి ఎంతో ఉంది. కానీ రాచకార్యాలు వదిలి పోలేకపోయింది. తన వైద్యుణ్ణీ, ఒక మంత్రసానినీ పంపింది.

1859 జనవరి 27న విక్కీకి మగబిడ్డ పుట్టాడు. కాన్పు చాలా కష్టమైంది. బిడ్డ ఎదురు తిరిగాడు, తల ముందుగా రాలేదు. తల్లీ బిడ్డా బతికారు. కానీ బిడ్డ ఎడమ చెయ్యి దెబ్బతింది. ఆ చెయ్యి జన్మంతా సరిగా ఎదగలేదు. పుట్టిన కబురు రాణికి టెలిగ్రాంలో అందింది. తొలి మనవణ్ణి ఆమె కళ్ళారా చూసింది మాత్రం 1860 సెప్టెంబరులో. అప్పటికి వాడికి ఇరవై నెలలు!

రాణికి డబ్బు తక్కువా? ఓడలు తక్కువా? అయినా కూతురి పురిటికి పోలేకపోయింది. ఆమెకు మిగిలిన దారి కూడా ఉత్తరమే. చుట్టూ అంతమంది నౌకర్లున్నా, కూతురికి తన చేత్తో రాసుకుంది. ఒంట్లో ఎలా ఉంది, ఇల్లు ఎలా ఉంది, ఎప్పుడొస్తావు అని అడిగేది. సలహాలు చెప్పేది. అప్పుడప్పుడు కోప్పడేది.

ఈ ఉత్తరాలు నలభై ఏళ్ళ పైన నడిచాయి. తల్లి రాసినవి 3,700 పైన మిగిలాయి. కూతురు రాసినవి 4,000 పైన మిగిలాయి. 1901 జనవరిలో తల్లి పోయింది. అదే ఏడు ఆగస్టులో కూతురూ పోయింది.

మన దగ్గర

ఆ పెన్నీ తపాలా పద్ధతి మన దేశానికీ వచ్చింది. 1854 అక్టోబరు నుంచి మన దేశంలో ఎంత దూరానికైనా మామూలు ఉత్తరానికి అర్ధణా బిళ్ళ సరిపోయింది. ఉత్తరం బరువు పావు తులం మించకూడదు. 1879 జులై 1న పావు అణా కార్డు వచ్చింది. మన పెద్దవాళ్ళు "ఒక కార్డు ముక్క రాసి పడెయ్" అనేది దాని గురించే.

ఇప్పుడు చేతిలో ఫోన్లున్నాయి. టెలిగ్రాం మన దేశంలో 2013లో ఆగిపోయింది. ఫోనులో మాట్లాడితే గొంతు వినపడుతుంది, మంచిదే. కానీ పక్కన నలుగురున్నప్పుడు కొన్ని మాటలు ఫోనులో చెప్పలేం. కాగితం మీద రాయగలం. రాసిన మాట దాచుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. తారీఖు వేసి ఉంటే రేపు ఎవరూ కాదనలేరు.

అందుకే ఉత్తరం రాయడం నేర్చుకుందాం. అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. మన మాట మన చేత్తో పోవాలి.

కొత్త మాటలు

ఏలుబడి – పరిపాలన
నిశానీ – సంతకం రానివాళ్ళు పెట్టే గుర్తు
తపాలా బిళ్ళ – పోస్టు స్టాంపు
అర్ధణా – అణాలో సగం

ఆలోచించి చెప్పండి

1. 1840కి ముందు ఉత్తరానికి డబ్బులు ఎవరు కట్టేవాళ్ళు? దానివల్ల ఎవరికి కష్టం?
2. అన్న తెల్ల కాగితం ఎందుకు పంపేవాడు? దానివల్ల చెల్లెలికి ఏమేమి తెలిసేవి కావు?
3. వేరేవాళ్ళ చేత ఉత్తరం రాయిస్తే ఏ మాటలు రాయించలేం? మీకు తెలిసినవి చెప్పండి.
4. రోజుకు ఆరు పెన్నీలు సంపాదించే పిల్ల ఒక పెన్నీ ఉత్తరం రాస్తే, ఆమె రోజు జీతంలో ఎన్నో వంతు ఖర్చయినట్టు?

మీరే రాయండి

మీ అమ్మకో, అక్కకో, కూతురికో ఉత్తరం రాయండి. పండక్కి వస్తున్నామనో, రమ్మనో రాయండి. పైన కుడి పక్క ఊరి పేరు, తారీఖు వెయ్యండి. ఏ రోజు, ఏ బస్సు, ఎవరెవరు, ఎన్నాళ్ళు అనేది మర్చిపోకండి. ఒక కష్టం, ఒక సుఖం రాయండి. కింద మీ పేరు మీరే రాసుకోండి. రాశాక ఒకసారి పైకి చదువుకోండి. పిన్‌కోడ్ వేసి పోస్టు డబ్బాలో మీ చేత్తో వెయ్యండి.